‘బ్యాక్‌గ్రౌండ్ ఉందా?’ అని అడిగినవాళ్లకు

శుక్రవారం సినిమా రిలీజైంది. ఇవాళ మంగళవారం. ఈ నాలుగు రోజుల్లో వచ్చినన్ని ఫోన్లు నా ఇరవై ఆరేళ్ల జీవితంలో రాలేదు. మా కాలనీ మూలమీద టీ కొట్టతను నిన్న నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. నేను హీరోని కాదు, హీరో తమ్ముడి వేషం. కానీ ఇంటర్వెల్ ముందు సీన్ నాది, జనానికి అది పట్టేసింది. ఈ వేడి చల్లారకముందే ఇది రాసేయాలి. ఇంకో వారం ఆగితే నేను కూడా అందరిలాగే ‘ఇండస్ట్రీ నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది’ అనడం మొదలుపెడతానేమో.

మేం సురభి నాటకాల వాళ్లం. హైదరాబాద్‌లో లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది చూశారా, అక్కడే పుట్టి పెరిగాను. మా పెద్దలు ఒకప్పుడు తోలుబొమ్మలు ఆడించుకుంటూ ఊరూరా తిరిగేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు బొమ్మలు పక్కన పెట్టి మనుషులతోనే కీచకవధ ఆడించారు. అప్పట్నుంచీ ఇదే పని. ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లోనే మా ఇళ్లల్లో ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే కట్టారు. నేను స్టేజీ ఎక్కింది పదకొండో నెలలో, ఊయల్లో కృష్ణుడిగా. లైట్లు చూసి గుక్కపట్టి ఏడ్చానట. యశోద మా అమ్మే కాబట్టి నాటకం ఆపకుండానే ఎత్తుకుని జోకొట్టింది. జనం అదీ నటనే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఇంతెందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

డిగ్రీ అయ్యాక సినిమాల్లో ప్రయత్నిస్తానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఫొటోలు తీయించుకున్నాను, పద్దెనిమిది వేలు. దండగ. ఆ ఆల్బమ్ ఇంతవరకు ఒక్క ఆఫీసులోనూ ఎవరూ తెరవలేదు. ఫోన్‌తో మేకప్ లేకుండా ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి తీసుకోండి, చాలు. తర్వాత కృష్ణానగర్‌లో ఒక కోఆర్డినేటర్ దొరికాడు. ‘డైరెక్టర్ గారు నాకు బాగా క్లోజ్’ అన్నాడు. పాతిక వేలు తీసుకున్నాడు, మూడో వారం నుంచి ఫోన్ స్విచాఫ్. ఆ పాతిక వేలు మా అమ్మ చిట్టీ డబ్బులు. ఇప్పుడు అతనే ‘మనోడిని లాంచ్ చేసింది నేనే’ అని తిరుగుతున్నాడని విన్నాను. తమ్ముళ్లూ, ‘బాగా క్లోజ్’ అనే మాట వినపడగానే ఒక చెయ్యి జేబు మీద పెట్టుకోండి.

రెండేళ్లలో నలభై దాకా ఆడిషన్లు ఇచ్చి ఉంటాను. వాటి గురించి చెప్పడానికేం లేదు, వెళ్లడం, రావడం. ఒక్కటి మాత్రం చెప్పాలి.

పేరున్న సంస్థే, పేరు మాత్రం రాయను. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు. పొద్దున తొమ్మిదికి వెళ్తే అప్పటికే వరండా నిండా కుర్రాళ్లు. నాకు పద్నాలుగో నంబర్ టోకెన్ ఇచ్చారు. ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు. పేరు, ఎత్తు, బండి వచ్చా, ఈత వచ్చా. చివర్లో ఒక గడి, ‘ఫ్యామిలీలో నటులు ఉన్నారా? వివరాలు’ అని. నేను ఉన్నదున్నట్టు రాశాను, ‘ఉన్నారు. మాది ఐదు తరాల నటుల కుటుంబం.’

టేబుల్ దగ్గరున్న అబ్బాయి అది చదివాడు. తలెత్తి నన్ను చూశాడు. మళ్లీ చదివాడు. ‘సార్, మీరు లోపలికి రండి’ అన్నాడు. అంతవరకు ‘బాబూ, జరుగు’ అన్నవాడే. లోపల ఏసీ గది, తోలు సోఫా. పింగాణీ కప్పులో కాఫీ వచ్చింది, కింద సాసర్, దాంట్లో రెండు బిస్కెట్లు. అద్దంలోంచి వరండా కనిపిస్తోంది. నాతోపాటు సిటీ బస్సు దిగిన ఒకబ్బాయి మాసిన టవల్‌తో మెడ తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే అనిపించింది. హమ్మయ్య, మనల్ని గుర్తుపట్టినవాళ్లు ఒకరున్నారు అనుకున్నాను.

సగం కాఫీ తాగేసరికి కో-డైరెక్టర్ వచ్చాడు. చెయ్యి కలిపి కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

‘చెప్పలేదేంటి బ్రదర్ ముందే? ఎవరి తాలూకు మీరు?’

‘మా తాతగారు ఘటోత్కచుడు వేసేవారండీ.’

‘ఓహో. ఏ సినిమాలో?’

‘సినిమా కాదండీ, నాటకం. మాది సురభి.’

అతని ముఖంలో నవ్వు చటుక్కున పోలేదు. పోయుంటే బాగుండేది. కొంచెంకొంచెంగా జారిపోయింది. ‘అంటే... డ్రామా కంపెనీయా?’ అన్నాడు. అవునన్నాను. ఫారం మడిచి లేచాడు. టేబుల్ దగ్గరి అబ్బాయితో ఏదో అన్నాడు. రెండు నిమిషాల్లో ఆఫీస్ బాయ్ వచ్చి నా చేతిలోంచి కప్పు తీసుకున్నాడు. అందులో ఇంకా కాఫీ ఉంది. పాపం అతను నా కళ్లలోకి చూడలేదు. సాసర్‌లో మిగిలిన బిస్కెట్ కూడా పోయింది. నన్ను వరండాలోకి పంపించారు. పద్నాలుగో నంబర్ అయిపోయిందట. కొత్త టోకెన్ ఇచ్చారు, అరవై మూడు.

అప్పుడే వచ్చేయాల్సింది. సాయంత్రం ఆరున్నర దాకా కూర్చున్నాను. టవల్ అబ్బాయి ఏమీ అడగకుండా తన వాటర్ బాటిల్ నా వైపు జరిపాడు.

నా వంతు వచ్చింది. తండ్రి చనిపోయాడని ఫోన్లో వినే సీన్. మా స్టేజీ మీద మొదట నేర్పేది ఒక్కటే, మాట చివరి వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకు కూడా వినపడాలి. నేను ఆ ముసలమ్మకే చెప్పాను. మానిటర్ దగ్గర కూర్చున్నతను చెవి మూసుకుని, ‘బాబూ, మైకు నీ ముందే ఉంది, మేమేం చెవిటివాళ్లం కాదు’ అన్నాడు. గదంతా నవ్వు. అది తప్పు కాదు, అతను చెప్పింది నిజమే. ఆ తర్వాత జరిగిందే ఇప్పటికీ మింగుడుపడదు. కో-డైరెక్టర్ అన్నాడు, ‘అన్నట్టు మీది డ్రామా కదా, ఒక రాయబారం పద్యం ఎత్తుకో, చూద్దాం.’ నలుగురు ఫోన్లు తీశారు.

పాడాను. ఎందుకు పాడానో ఇప్పటికీ తెలియదు. పద్యం అడిగితే పాడకుండా ఉండటం మాకెవరూ నేర్పలేదు. రాగం తీసేటప్పుడు ఒకడు నోరు తెరిచి నన్ను వెక్కిరిస్తూ వీడియోలోకి వచ్చాడు. నేను ఒక్క అక్షరం తప్పులేకుండా ముగించాను. ముగించి ‘థాంక్యూ సార్’ అన్నాను. వాళ్ల నవ్వు కాదు, నా థాంక్యూ ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

ఇంటికొచ్చాక నాయనమ్మ అడిగింది, ‘ఏం చేయించార్రా?’ అని. ‘పద్యం అడిగారు నాయనమ్మా’ అన్నాను. ‘చూశావా, విలువ తెలిసినవాళ్లు’ అని ఎంత సంతోషపడిందో. అవునన్నాను.

వాళ్లకు తెలియని ఒక్క ముక్క ఇక్కడ రాస్తాను. 1932లో మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసినప్పుడు హెచ్.ఎం. రెడ్డి గారు లీలావతి వేషానికి ఎవర్ని తీసుకున్నారు? సురభి కమలాబాయి గారిని. మాట్లాడే సినిమాకు మొదట మాట అరువిచ్చింది డ్రామా కంపెనీలవాళ్లే. 2013లో సురభి బాబ్జీ గారికి పద్మశ్రీ ఇచ్చారు. ఇవన్నీ ఆ గదిలో నోటిదాకా వచ్చాయి. బయటికి రాలేదు.

వారసుల మీద నాకు కోపం ఉందా అని మొన్న ఒక యూట్యూబ్ అమ్మాయి అడిగింది. లేదన్నాను. కొంచెం ఉంది. కానీ వాళ్లు కష్టపడరనేవాళ్లతో నేను ఏకీభవించను. జూనియర్ ఎన్టీఆర్ గారు చిన్నప్పుడే కూచిపూడి నేర్చుకున్నారు, పిల్లలతో తీసిన ‘రామాయణం’లో రాముడి వేషం కట్టారు. హీరోగా మొదటి సినిమా 2001లో వచ్చింది, ఆడలేదు. అదే ఏడాది ‘స్టూడెంట్ నెం.1’ వచ్చింది. 2003లో ‘సింహాద్రి’ నాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఆ వయసుకు ఆ డైలాగ్, ఆ స్టెప్పు ఇంటిపేరుతో రావు. నేను చూసేది మొదటి సినిమాకీ రెండో సినిమాకీ మధ్య ఉన్న ఆ కొద్ది నెలల్ని. మొదటిది పోయినా రెండోదానికి పిలిచేవాళ్లు ఉండటం, అదీ బ్యాక్‌గ్రౌండ్ అంటే. నాబోటివాడికి మొదటిది పోతే మళ్లీ టోకెన్ అరవై మూడే.

సరే, గొంతు తగ్గించుకోవడం ఎలా నేర్చుకున్నానో చెబుతాను, ఇది పనికొచ్చే ముక్క. యాక్టింగ్ స్కూల్లో చేరదామంటే ఫీజు చూసి కళ్లు తిరిగాయి. నాకు నేర్పింది మా పెదనాన్న. ఆయన నటుడు కూడా కాదు, తాడు లాగుతాడు. మా మాయాబజార్లో ఘటోత్కచుడు గాల్లోకి లేస్తాడు కదా, వెనక కప్పీ మీద తాడు పట్టుకునేది ఆయనే. ఒకరోజు నా ఏడుపుగొట్టు మొహం చూసి అన్నాడు, ‘ఒరేయ్, నువ్వు ఎగరబోతున్నావని నాకెలా తెలుస్తుందనుకున్నావ్? పద్యం విని కాదు. నీ ఎడమ భుజం ఇంత కదులుతుంది. జనానికి కనపడదు, నాకు కనపడుతుంది. నీ కెమెరా కూడా నాలాంటిదే అయ్యుంటుంది.’

ఆ రోజు నుంచి ఫోన్ మూరెడు దూరంలో పెట్టుకుని, తాడు లాగేవాడికి మాత్రమే తెలిసేంత చేయడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు. మొదటి నెల నా వీడియోలు నేనే చూడలేకపోయాను. కనుబొమలు రెండూ సొంత కచేరీ పెట్టుకున్నట్టుండేవి.

ఈ సినిమా ఎలా వచ్చిందంటే, ఒక వీడియో పంపాను, పదకొండు రోజులకు ఫోన్ చేశారు. అంతే. లుక్ టెస్ట్ ఒక పూట. షూటింగ్ ఇరవై రెండు రోజులు. డైరెక్టర్ నాకంటే ఏడాదే పెద్ద. ఫారాలూ గడులూ లేవు, ‘సీన్ చదివావా?’ అని అడిగాడంతే. డబ్బింగ్ రెండు రోజులనుకున్నారు, మధ్యాహ్నం భోజనాలకే ముగించాను. ఇక్కడ కొంచెం గొప్పలు చెప్పుకుంటాను. సౌండ్ ఇంజినీర్ హెడ్‌ఫోన్స్ తీసి ‘ఎక్కడ నేర్చుకున్నావ్?’ అన్నాడు. ఈసారి మాత్రం గొంతు విప్పి ‘డ్రామా కంపెనీ సార్’ అన్నాను.

రిలీజ్ ముందు రోజు పీఆర్ వాళ్లు నా గురించి ఒక పేజీ రాసి పంపారు. మొదటి వాక్యమే, ‘నటుల కుటుంబం నుంచి వస్తున్న మరో వారసుడు’. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీసేయమనలేదు. నాయనమ్మకు చదివి వినిపించాను.

శనివారం ఆ ఫిల్మ్‌నగర్ ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. ‘సార్ ఒకసారి కాఫీకి రమ్మంటున్నారు’ అన్నారు. కాఫీకట. తిరిగి ఫోన్ చేయలేదు. చేస్తానేమో కూడా, పని పనే. కానీ కాఫీ ఇంట్లోనే తాగి వెళ్తాను.

మొన్న ఆదివారం మాకు ఆట, మాయాబజార్. పెదనాన్నకు భుజం నొప్పి, తాడుకు మనిషి తక్కువ. ఘటోత్కచుడు మా బాబాయి కొడుకు, తొంభై కిలోలు. నేను నిక్కరు వేసుకుని కప్పీ దగ్గర నిలబడ్డాను. ఎలా తెలిసిందో ఏమో, నా సినిమా చూసిన కాలేజీ పిల్లలు పదిమంది దాకా పక్క తెర సందులోంచి తొంగిచూసి ‘అన్నా, ఒక్క సెల్ఫీ, ఒక్కటే అన్నా’ అని పిలవడం మొదలుపెట్టారు.

‘ఆగండమ్మా,’ అన్నాను, ‘వాడు పైనున్నాడు.’