మందుల చీటీలో మన మాట కూడా చెల్లాలంటే: బెంగళూరులో నా అనుభవం

మానసికంగా బాగా దెబ్బతిని ఆసుపత్రిలో ఉండి వచ్చాక, మందుల విషయంలో మన మాట చెల్లాలంటే డాక్టరుతో వాదించడం కన్నా కాగితాలు సిద్ధం చేసుకుని వెళ్లడమే ఎక్కువ పని చేస్తుంది. బెంగళూరు ఓపీడీల్లో (బయటి రోగులను చూసే విభాగాల్లో) రద్దీకి డాక్టరు ముందు పది నిమిషాలు దక్కితే గొప్ప. "నిద్ర పడుతోందా, తింటున్నారా" అనే ప్రశ్నలకే అందులో సగం పోతుంది.

ముందు డిశ్చార్జ్ సమ్మరీ సంగతి. మందు పేరు, మోతాదు రాస్తారు గానీ, ఏ మందు దేనికో చాలాసార్లు రాయరు. నిద్ర కోసం మొదట్లో ఇచ్చిన క్లోనజెపామ్, ఒళ్లు బిగుసుకుపోకుండా ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ ఆపమనే నాథుడు లేక నెలల తరబడి సాగుతుంటాయి. అందుకే ప్రతి మందు పక్కన "దేనికి, ఎప్పటిదాకా" అని అడిగి రాయించుకున్నాను. బ్రాండ్ పేరు మాత్రమే ఉంటే అసలు మందు పేరు కూడా రాయించుకోవాలి. మెడికల్ షాపులో కంపెనీ మార్చి ఇచ్చినప్పుడు సరిచూసుకోవడానికి అదే ఆధారం. పేరు ఒకటే అయినా ఎస్ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉన్న (మందును నెమ్మదిగా వదిలే) మాత్ర, మామూలు మాత్ర ఒకటి కావు.

ఇలా అడగడం డాక్టరుగారి మంచితనం మీద ఆధారపడిన విషయం కాదు. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 22వ సెక్షన్ ప్రకారం చికిత్స ఏమిటో, దాని దుష్ప్రభావాలేమిటో తెలుసుకునే హక్కు మనది. 25వ సెక్షన్ మన వైద్య రికార్డులు చూసే హక్కు ఇస్తుంది. 4వ సెక్షన్‌లో ఇంకో మంచి మాట ఉంది: మన నిర్ణయం ఇతరులకు తప్పుగా కనబడినంత మాత్రాన మనకు నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదని తేల్చకూడదు. అలాగని ఓపీడీలో సెక్షన్ల నంబర్లు వల్లించనక్కర్లేదు, డాక్టర్లకు చిర్రెత్తుతుంది. "సార్, ఇది కాక ఇంకేం దారులున్నాయి? ఏ మందూ మార్చకపోతే ఏమవుతుంది?" అంటే చాలు.

బాధను ఏ మాటల్లో చెబుతామన్నదాన్ని బట్టి చీటీ మారిపోతుంది. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి యాంటీసైకోటిక్ మందులు (భ్రమలు, భ్రాంతుల లాంటి లక్షణాలకు ఇచ్చేవి) మొదలుపెట్టినప్పుడో, మోతాదు పెంచినప్పుడో కొందరికి అకథీసియా అనే దుష్ప్రభావం వస్తుంది. కూర్చుంటే కాళ్లు నిలవవు, లేచి నడిస్తే కాస్త తెరిపి, మళ్లీ కూర్చోలేరు. లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టుంటుంది. దాన్ని మనం "టెన్షన్‌గా ఉంది" అంటాం. ఆ మాట విన్న డాక్టరు జబ్బు తిరగబెడుతోందనుకుని అదే మందు పెంచవచ్చు, అప్పుడు బాధ రెట్టింపు. అందుకే "మోతాదు పెంచిన నాలుగో రోజు నుంచి కాళ్లు ఆగడం లేదు, అన్నం కూడా నిలబడే తింటున్నాను" అని తేదీతో సహా చెప్పాలి. అప్పుడు మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, ఈ బాధను తగ్గించే ప్రొప్రనలోల్ చేర్చడమో మాట్లాడుకోవచ్చు. తెలుగు రాని డాక్టరైతే ఈ వాక్యాన్ని ముందే ఇంగ్లీషులో రాసుకుని చూపించడం మేలు. ఈ బాధ భరించలేక చచ్చిపోవాలనిపించే స్థితికి వెళ్లేవాళ్లున్నారు. అలా అనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒలాంజపీన్ అనే యాంటీసైకోటిక్ అయితే సమస్య బరువు పెరగడం. మొదలుపెట్టే ముందే బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్టరాల్ రాసి ఉంచుకోవాలి. తర్వాత వారానికోసారి అదే కాటా మీద తూచుకోవాలి. మొదటి నెలలోనే 5 శాతం పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 63కి చేరితే, మందు మార్చే మాట ఎత్తడానికి అది గట్టి ఆధారం. "లావైపోతున్నాను మేడమ్" అంటే "వాకింగ్ చేయండి" అన్న జవాబే వస్తుంది. అంకెల కాగితం ముందు పెడితే సంభాషణ వేరేగా నడుస్తుంది.

మూడ్ నిలకడగా ఉంచడానికి లిథియం వేసుకునేవాళ్లకు రక్తపరీక్షే ప్రాణం. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర మింగి ల్యాబ్‌కి వెళితే అంకె ఎక్కువ చూపిస్తుంది, అది చూసి అనవసరంగా మోతాదు తగ్గిస్తారు. రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్స్ మధ్య ఉంచుతారు. మోతాదు మారిస్తే 5 నుంచి 7 రోజులాగి మళ్లీ చూడాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలూ క్రమంగా జరగాలి. ఒళ్లు నొప్పులకని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మింగితే లిథియం రక్తంలో పేరుకుంటుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

ఇక మందులు తగ్గించడం. మనంతట మనం ఆపేసి మళ్లీ జబ్బు పడితే, ఆ తర్వాత మన మాట ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ ఎవరూ వినరు. నేను అడిగింది "ఎప్పుడు ఆపేస్తారు" అని కాదు. "ఎన్ని నెలలు బాగుంటే తగ్గిస్తారు, ఒక్కో మెట్టుకి ఎంత, మధ్యలో ఎన్ని వారాలు, ఏ లక్షణం కనబడితే వెనక్కి వెళదాం" అని. ఒకసారికి ఒక్క మందే మార్చాలి, లేకపోతే ఏది దేనివల్లో తెలియదు. నిద్ర తగ్గడం జబ్బు తిరగబెడుతోందనడానికి తొలి సూచన కాబట్టి నైట్ షిఫ్టులో ఉండగా తగ్గింపు మొదలుపెట్టకపోవడం నయం.

మళ్లీ ఒళ్లు తెలియని స్థితి వస్తే మన తరఫున ఎవరు మాట్లాడాలో బాగున్నప్పుడే తేల్చుకోవాలి. అదే చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఒకరిని నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా (మన తరఫు ప్రతినిధిగా) పెట్టుకోవచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరినీ పెట్టకపోతే ఆ స్థానం బంధువుకి వెళుతుంది. ఊళ్లో ఉన్న నాన్నగారి కన్నా, ఇక్కడే వైట్‌ఫీల్డ్‌లో ఉంటూ నా మాత్రల సంగతి తెలిసిన అక్కే నయమనిపించింది. ఏ మందు నాకు పడలేదు, ఏది పనిచేసింది అన్నది 5వ సెక్షన్ కింద అడ్వాన్స్ డైరెక్టివ్‌గా (చికిత్స ఎలా ఉండాలో ముందే రాసిపెట్టే పత్రంగా) విడిగా రాశాను. అత్యవసర చికిత్సకు అది వర్తించదు. మామూలు చికిత్సలో దాన్ని పక్కన పెట్టాలనుకుంటే మాత్రం డాక్టరైనా, ఇంట్లోవాళ్లైనా ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి దరఖాస్తు చేయాలి. ఒక కాపీ ఆసుపత్రి ఫైల్లో పెట్టించి, ఇంకోటి అక్క ఫోన్లో ఉంచాను. కాపీ చేతికందని డాక్టరు దాన్ని పాటించకపోతే ఆయన బాధ్యత ఉండదని చట్టంలోనే ఉంది మరి.