సింగలీలాలో కూలిన చెట్ల వెంట

"పైకి కాదు దీదీ, కిందికి చూస్తూ నడవండి," అన్నాడు గైడు. గైరీబాస్‌లో ఎస్‌ఎస్‌బీ (సరిహద్దు కాపలా దళం) జవాన్లు అప్పుడే మా గుర్తింపు కార్డులు చూసి వెనక్కిచ్చారు. చెట్ల మీద బతికే రెడ్ పాండా కోసం ఇంత దూరం వస్తే నేల చూడమంటాడేంటక్కా అని తమ్ముడు గొణిగాడు. గైడుకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. అక్కడివాళ్ళలాగే మేమూ అతన్ని దాయ్ (నేపాలీలో అన్న) అని పిలిచేవాళ్ళం.

సింగలీలా జాతీయ పార్కు డార్జిలింగ్ జిల్లా కొసన, నేపాల్ సరిహద్దును ఆనుకుని ఉంది. 1986లో అభయారణ్యం అయింది, 1992లో జాతీయ పార్కు. విస్తీర్ణం 78.6 చదరపు కిలోమీటర్లే. మన నల్లమలను చూసిన కళ్ళకి ఇదొక చిన్న ముక్క. బాగ్‌డోగ్రా దాకా విమానం, మానేభంజన్ దాకా జీపు, ఆ తర్వాత నడక. గైడు లేకుండా లోపలికి పంపరు. మానేభంజన్ నుంచి పాతకాలపు ల్యాండ్‌రోవర్లు కూడా పైకి వెళ్తాయి. ఆ చప్పుడుకి పాండా కాదు కదా, పిట్ట కూడా కనబడదని నడకే ఎంచుకున్నాం. దారి సరిహద్దు గట్టు మీదుగా పోతుంది. తుమ్లింగ్‌లో రాత్రి పడుకున్నది నేపాల్‌లో, పొద్దున నడక మొదలుపెట్టింది ఇండియాలో. మధ్యలో కంచె లేదు, అక్కడక్కడా ఒక రాతి స్తంభం, అంతే.

గైరీబాస్ నుంచి కయ్యాకట్టా వైపు ఎక్కుతుండగా దాయ్ మమ్మల్ని రోడ్డు దించి పాత పశువుల బాట పట్టించాడు. ఏప్రిల్ నెల. గురాస్ (రోడోడెండ్రాన్) చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. మంచు వచ్చి కమ్మేస్తోంది, పోతోంది. ఒక లోయ అంచున కూలిన ఓక్ మాను దగ్గర ఆగి చేత్తో చూపించాడు. నాచు కప్పిన ఆ మాను మీద ఒకచోట పెంటికలు కుప్పగా పడి ఉన్నాయి. రెండు కొసలా సన్నగా, మధ్యలో లావుగా ఉన్నాయి. పచ్చగా ఉన్నవి తాజావట, పాలిపోయి పీచు తేలినవి పాతవట. పాండా ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వచ్చి పెంటికలు వేస్తుంది కాబట్టి వెతికేవాళ్ళకి జంతువు కంటే ముందు దొరికేది ఇదే.

ఆ మాను అక్కడ ఎందుకు కావాలో దాయ్ చూపించిన తీరు నాకు బాగా నచ్చింది. పక్కనున్న మాలింగో వెదురు గడనొకదాన్ని పట్టుకుని వంచాడు. మన వైపు బొంగు వెదురులాంటిది కాదు, బొటనవేలంత లావు. నాలుగైదు కిలోల జంతువు దాన్నెక్కితే వంగిపోతుంది. లేత ఆకులేమో పైన ఉంటాయి. కాబట్టి పాండా కూలిన మాను మీదో, మోడు మీదో, పొద కొమ్మ మీదో నిలబడి గడను దగ్గరికి లాక్కుని ఆకు తింటుంది. మణికట్టు ఎముక పెరిగి వేలులా పనిచేస్తుంది దానికి, గడను పట్టుకోవడానికి అదే ఆసరా. అంటే వెదురుంటే చాలదు, ఆ వెదురు పక్కన నిచ్చెన కూడా ఉండాలి. మనకి చెత్తగా కనబడే పుచ్చిన దుంగే ఆ నిచ్చెన. వంటచెరుకుకి అందరికంటే ముందు ఎవరైనా మోసుకుపోయేదీ దాన్నే.

ఇంత తంటా ఎందుకంటే, పాండాది మాంసాహారి పొట్ట. తినేది వెదురాకు. ఆవుకున్నట్టు నెమరు లేదు, నాలుగు గదుల కడుపు లేదు. తిన్నదాంట్లో పావు వంతు ఒంటబడితే గొప్ప, మిగతాది కొన్ని గంటల్లోనే బయటికొచ్చేస్తుంది. అందుకే రోజులో ఎక్కువ భాగం తింటూనే ఉండాలి, అదీ ముదురాకు వదిలేసి లేతది ఏరుకుంటూ. వసంతంలో వెదురు మొలకలు, శరదృతువులో రోవాన్ చెట్ల పళ్ళు కాస్త మార్పు. చలికాలమంతా ఆకే గతి. బలం లేని తిండి కాబట్టి ఒళ్ళు దాచుకుంటూ తిరుగుతుంది. తిండి, నీళ్ళు, పడక అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. సింగలీలాలో పరిశోధకులు గుర్తులు లెక్కపెట్టినప్పుడు ఎక్కువగా 2,800 నుంచి 3,100 మీటర్ల మధ్య, నీళ్ళకి దగ్గరగా, పైన దట్టమైన చెట్ల గొడుగు, కింద వెదురు ఉన్నచోటే దొరికాయి. మాకు దాయ్ చూపించిన మాను కిందా ఊట పారుతూనే ఉంది.

చూశామా అంటే, చూశాం. కాళీపోఖ్రీకి ఇంకా కొంత దూరం ఉండగా దాయ్ చెయ్యెత్తి ఆపాడు. సిల్వర్ ఫర్ చెట్టు కొమ్మ మీద, నాచులో ముఖం పెట్టుకుని, చారల తోక కిందికి వేలాడేసి పడుకుని ఉంది. తమ్ముడికి చాలాసేపు కనబడలేదు. తప్పు వాడిది కాదు. ఆ చెట్ల మీద పెరిగే నాచు గోధుమ ఎరుపు, బెరడుకి అంటుకుని పెరిగే లైకెన్ తెలుపు, పాండా ఒళ్ళూ ముఖమూ అవే రంగులు. పొట్ట నలుపు, కింది నుంచి చూస్తే నీడలో కలిసిపోతుంది. ముసలి చెట్లు పోయి నున్నటి బెరడు కుర్రచెట్లు వస్తే ఈ వేషం పనికిరాదు. జూన్, జూలైలలో పిల్లల్ని పెట్టడానికి కావలసిన తొర్రలూ ముసలి చెట్లకే ఉంటాయి. కొత్తగా మొక్కలు నాటితే లెక్కకి పచ్చదనం పెరుగుతుందేమో గానీ, తొర్ర పడటానికి ఎన్ని దశాబ్దాలు పడుతుందో ఆ లెక్కల్లో ఉండదు. నాటిన మొక్కల ఫోటోలంటే నాకున్న విసుగు అక్కడ ఇంకొంచెం పెరిగింది.

రాత్రి కాళీపోఖ్రీ హోమ్‌స్టేలో పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఎండిన ఛుర్పీ (గట్టి చీజ్) ముక్క బుగ్గన పెట్టుకుని దాయ్ వెదురు పూత సంగతి చెప్పాడు. మాలింగో ఏళ్ళ తరబడి పూయదు. పూసిందంటే కొండవాలు మీద వెదురంతా ఒకేసారి పూసి చచ్చిపోతుంది. గింజల నుంచి కొత్త వెదురు లేచేదాకా ఆ వాలు మీద పాండాకి తిండి ఉండదు, పక్క వాలుకి పోవాలి. పోవడానికి మధ్యలో అడవి తెగకుండా ఉండాలి. బట్టబయలు నేల దాటడం దానికి ప్రాణాపాయం. ఇక్కడి పాండా పక్క వాలు అంటే చాలాసార్లు నేపాలే. అవతల ఇలాం, పాంచ్‌థర్, తాప్లేజుంగ్ జిల్లాల అడవుల్లో పెద్ద భాగం గ్రామస్థులు చూసుకునే సామాజిక అడవులు. రెడ్ పాండా నెట్‌వర్క్ అనే సంస్థ ఆ ఊళ్ళవాళ్ళనే అడవి కాపలాదారులుగా తయారుచేసి, గుర్తులు లెక్కపెట్టిస్తోంది.

మేం మాట్లాడుకుంటుంటే ఒక బొచ్చుకుక్క వచ్చి తమ్ముడి కాళ్ళ దగ్గర చుట్టుకుంది. పొద్దున్నించీ మా వెంటే నడిచింది, వాడు బిస్కెట్లు వేస్తున్నాడు మరి. "అది వేటాడక్కర్లేదు, దాని జబ్బు చాలు," అన్నాడు దాయ్. కుక్కలకొచ్చే డిస్టెంపర్ పాండాకి సోకితే బతకడం కష్టం. ట్రెక్కర్లు వేసే బిస్కెట్ల కోసం ఊరి కుక్కలు ఊళ్ళో ఉండకుండా మైళ్ళ కొద్దీ అడవిలోకి వస్తాయి. బిస్కెట్ ప్యాకెట్ సంచిలోకి పోయింది.

సందక్‌ఫూ ఎక్కాం, మబ్బు చాటునుంచి కాంచనగంగ కొంచెంసేపు కనబడింది, అందరూ తీసే ఫోటోలే మేమూ తీసుకున్నాం. నాకు గుర్తుండిపోయింది ఆ ఎత్తు, 3,636 మీటర్లు. బెంగాల్లో అంతకంటే ఎత్తైన చోటు లేదు. పాండా 25 డిగ్రీల వేడి దాటితే తట్టుకోలేదు. మా హైదరాబాద్‌లో జనవరి మధ్యాహ్నమే దానికి ఎండాకాలం. లోకం వేడెక్కేకొద్దీ చల్లని చోటు కోసం పైకి జరగాలి, కానీ ఈ కొండ ఇక్కడితో అయిపోయింది.

తిరుగు దారిలో డార్జిలింగ్ జూ చూశాం. దాని పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. పద్మజ సరోజినీ నాయుడి కూతురు, హైదరాబాద్‌లో పుట్టిన మనిషి, 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నరు. 1958లో మొదలైన ఈ జూకి 1975లో ఆమె పేరు పెట్టారు. ఇక్కడ పుట్టిన స్వీటీ, మినీ అనే రెండు ఆడ పాండాలను 2003లో సింగలీలాలో వదిలారు. స్వీటీ అడవిలోనే పిల్లను కన్నది. జూలో పెంచి పంపడం కుదురుతుందని దాంతో తేలింది. అయితే పంపడానికి దుంగలూ, తొర్రలూ, వెదురూ ఉన్న వాలు మిగిలి ఉంటేనే. 2015 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెడ్ పాండాను అంతరించే ప్రమాదమున్న జాతుల్లో ఉంచింది. కారణాల్లో అడవి ముక్కలవడం ముందుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: జూ గురువారం మూసి ఉంటుంది. పార్కును ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మూసేస్తారు. తొర్రల్లో పాండా పిల్లలు కళ్ళు తెరిచే నెలలు అవే, కాబట్టి ఎవరూ గొణగక్కర్లేదు. తమ్ముడు నవంబర్‌లో మళ్ళీ వెళ్దామంటున్నాడు, రోవాన్ పళ్ళ మీద పాండాను ఫోటో తీస్తాడట. ఉన్ని సాక్సులు రెండు జతలు తెచ్చుకోమని, బిస్కెట్లు మాత్రం తేవద్దని దాయ్ ఫోన్లో చెప్పాడు.