విత్తని తీగలు: దోసా, కర్బూజా?

ఆగస్టు 7. రెండో తీగకు పిందె ఉన్న పువ్వు విచ్చింది! 39 రోజులుగా తేలని సంగతిలో సగం ఈ ఉదయం తేలింది.

మిద్దె మీద మడి 4×3 అడుగులు, అడుగు లోతు. జూన్ 21న డ్రమ్ములోని వంటింటి కంపోస్టు రెండంగుళాల మందాన పరిస్తే, 29వ తేదీకల్లా 31 మొలకలు. టమాటా 11, తోటకూర 9, బొప్పాయి 2, గుమ్మడి 1. వయ్యారిభామ 3, వాటిని గ్లవ్స్ వేసుకుని అప్పుడే పీకేయడమైంది. చిక్కంతా మిగిలిన ఐదు తీగజాతి మొలకలతోనే.

జులై 3న బీజదళాల (గింజలోంచి మొదట వచ్చే రెండు ఆకుల) పొడవు కొలిస్తే వరుసగా 24, 26, 31, 25, 29 మిల్లీమీటర్లు. ఏమీ తేలలేదు. ఫోన్ యాప్‌లు మూడు, ఒకే ఫొటోకి మూడు పేర్లు: కీరా, దొండ, పుచ్చ. రెండాకుల దశలో యాప్‌ని అడగడం వృథా. ప్లాంట్‌నెట్ అనే యాప్‌లో ఆకు, పువ్వు, కాయ ఫొటోలు విడివిడిగా ఇవ్వొచ్చు కాబట్టి పూత వచ్చాక అది పనికొస్తుంది, అప్పటిదాకా స్కేలూ భూతద్దమే నయం.

తర్వాత జరిగిన పొరపాటు ఖరీదైనది. గింజ పెంకు చూద్దామని 1, 4 మొలకల మొదట్లో మట్టి తవ్వితే పెంకులైతే దొరికాయి, ఒకటి 9 మి.మీ., ఇంకోటి 8. కానీ వేరు కదిలింది. నాలుగు రోజుల్లో రెండూ వాడిపోయాయి. టమాటా నారు ఎన్నిసార్లు పీకి నాటినా తట్టుకుంటుంది, దోస జాతి తట్టుకోదు. పోనీ ఆ కొలత అయినా పనికొచ్చిందా అంటే అదీ లేదు. పప్పులోకి వాడే దోసకాయ గింజలు పది కొలిస్తే 7 నుంచి 9, ఎండబెట్టి దాచిన కర్బూజ గింజలు 9 నుంచి 11. తొమ్మిది దగ్గర రెండూ కలిసిపోయాయి, ఎనిమిది దోసదే అనుకున్నా ఆ మొలకే మిగల్లేదు. ఐదో మొలక బీజదళాలను ఎర్ర పెంకు పురుగు ఒక్క రాత్రిలో జల్లెడ చేసింది. అదీ పోయింది.

మిగిలిన 2, 3 తీగల విషయంలో దారి చూపించింది కొలతలు కాదు, చెత్తబుట్ట. కీరా, బీర, సొర, దొండ లేతగా కోసి తింటాం, వాటి గింజ ముదరదు, కంపోస్టులో పడ్డా మొలవదు. పండాక తినేవి దోసకాయ, కర్బూజ, పుచ్చ, గుమ్మడి. ఈ మడిలో మొలిచేది వీటిలో ఒకటే అయి ఉండాలి. డ్రమ్ములో వేడి 41 డిగ్రీలు దాటలేదు. గింజలు చావాలంటే కొన్ని రోజులైనా 55 పైన ఉండాలి. మేలో తిన్న కర్బూజ గింజలు బతికి ఉండటంలో వింత లేదు. బీజదళాల తర్వాత అసలు ఆకులు గుండ్రంగా వచ్చాయి, పుచ్చ ఆకులా లోతుగా చీలలేదు. అలా పుచ్చ పోయింది. బీజదళాలు అంత చిన్నగా ఉన్నప్పుడే గుమ్మడీ పోయింది.

ఇక దోసా, కర్బూజా? ఇక్కడే అసలు చిక్కు: రెండూ ఒకే జాతి, కుకుమిస్ మెలో. ఆకు, నులితీగ, పసుపు పువ్వు అన్నీ ఒకటే. ప్రధాన తీగ మీద ఎక్కువగా మగపూలే వస్తాయి, పిందె పూలు పక్క కొమ్మలకు వస్తాయి. అందుకే జులై 18న ఐదో ఆకు పైన చివర తుంచడమైంది. ఆగస్టు 1న మగపువ్వు, ఈరోజు పక్క కొమ్మ మొదటి కణుపులో ఈ పిందె పువ్వు. కీరా పిందె పువ్వులో మామూలుగా కనిపించని కేసరాలు (పుప్పొడి ఇచ్చేవి) కూడా ఈ పువ్వు మధ్యలో ఉన్నాయి, పిందె మీద ముళ్లూ బొడిపెలూ లేవు. కీరా అయ్యే అవకాశం ఇక లేనట్టే.

పది రెట్ల భూతద్దంలో పిందె నూగు పొడుగ్గా, నిలబడి కనిపిస్తోంది. పప్పు దోసకాయ లాంటి పుల్ల దోస రకాల్లో నూగు సాధారణంగా పొట్టిగా, పిందెకు అంటుకుని ఉంటుంది. కాబట్టి రెండోది కర్బూజ అనే అంచనా. బజారు కర్బూజల్లో హైబ్రిడ్‌లు చాలా ఉంటాయి, వాటి గింజ నుంచి తల్లిలాంటి కాయే రావాలని లేదు. మూడో తీగ ఆకులు అరచేతి కన్నా చిన్నవి, దానికింకా పిందె లేదు. అది దోసేమో.

ఉదయం ఎనిమిదిలోపే మగపువ్వు రేకులు తీసి పుప్పొడి అద్ది, కొమ్మకు ఎర్ర దారం కట్టడమైంది. పిందె నిలిచి నిమ్మకాయంత కాగానే పాత చున్నీ గుడ్డ సంచి కట్టాలి, లేకపోతే పండు ఈగ గుడ్లు పెట్టేస్తుంది. ఆకుల మీద బూడిద తెగులు కూడా మొదలైంది, అడుగు ఆకులు రెండు తీసేయాలి.

ఈ ఆదివారం కాగితపు కప్పుల్లో ఒకే రోజు దోస 4, కర్బూజ 4 గింజలు పేరు రాసి వేయాలి. మూడు రోజులకోసారి స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయాలి. జూన్‌లోనే ఈ పని చేసి ఉంటే పోల్చుకోవడానికి పక్కనే ఆనవాలు ఉండేది, ఆ రెండు మొలకలూ బతికేవి. తర్వాత ఎండుమిర్చి గింజలతో ఇదే పని.