ఆయుధపూజకి స్నోమొబైల్ విప్పితే

అమెరికాలోని మిన్నెసోటాలో స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) దారులు డిసెంబరు 1న తెరుస్తారు. సెకండ్‌హ్యాండ్ బండి కొన్న చాలామంది మొదటి మంచు పడేదాకా దాని మీద టార్పాలిన్ తియ్యరు. అప్పటికి మెకానిక్‌కి తీరికుండదు, షాపులో బెల్టుండదు. దసరాకి ఎలాగూ కారుకి బొట్టు పెడతాం కదా, ఆ శని, ఆదివారాల్లోనే దీన్నీ విప్పితే విడిభాగాలు తెప్పించుకోవడానికి వారాల వ్యవధి ఉంటుంది.

పక్కన పన్నెండు, పదమూడేళ్ల పిల్లలుంటే మరీ మంచిది. ఇక్కడ పెరిగే పిల్లలకి వచ్చేది ఎక్కువగా వంటింటి తెలుగు: తిన్నావా, పడుకో, చెప్పులు బయట విప్పు. గరాజ్‌లో మాటలు వేరు. బేరింగు ఆడుతోంది, గొలుసు వదులైంది, పళ్లు అరిగాయి, షాఫ్టు పట్టేసింది, బెల్టు ఒరుసుకుంటోంది. వీటి మధ్య తేడా పుస్తకంలో చెబితే ఎక్కదు, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. 'లూజ్' అని పిల్లలు అన్నప్పుడల్లా 'ఆడుతోందా, వదులైందా?' అని అడగండి. రెండిటికీ రిపేరు వేరు.

బండికి తాళంచెవి తీసి పక్కన పెట్టేసి, ముందు ఇంజను శక్తి వెళ్లే దారి వేలితో చూపించండి. ఇంజను మీద ముందు క్లచ్ (బెల్టు పట్టే పుల్లీ ఇదే), బెల్టు, వెనక క్లచ్ (రెండో పుల్లీ), జాక్‌షాఫ్టు (అది తిప్పే అడ్డ షాఫ్టు), చైన్‌కేసు (గొలుసు, నూనె ఉండే పెట్టె), కింద డ్రైవ్‌షాఫ్టు (ట్రాక్‌ని తిప్పే షాఫ్టు), ట్రాక్ (మంచు మీద తిరిగే రబ్బరు పట్టా). పాత బళ్లలో దాదాపు అన్నిట్లోనూ వరస ఇదే. సెలవులకి వెళ్లినప్పుడు తాతగారింట్లో ఎక్కిన యాక్టివాలో, ఎడమపక్క కవరు కింద ఉండే బెల్టుదీ ఇదే సూత్రం. వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీ దగ్గరకొస్తుంది, వెనకది విచ్చుకుంటుంది.

బెల్టు తీసి వెడల్పు వెర్నియర్‌తో కొలవాలి. కొత్తదాని కొలత మాన్యువల్‌లో ఉంటుంది. సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గితే మార్చేయాలి. నాన్న మిల్లీమీటర్లలో చదువుతాడు, పిల్లలు ఇంచుల్లో అడుగుతారు. ఎనిమిదో వంతు ఇంచు అంటే 3.2 మిల్లీమీటర్లని లెక్క కట్టించండి. బెల్టులో ఒకేచోట రెండు పక్కలా లొట్టపడి నడుం సన్నమైతే, అది ట్రాక్ నేలకి గడ్డకట్టుకుపోయి ఉండగా థ్రాటిల్ నొక్కిన గుర్తు. ట్రాక్ కదలదు, బెల్టు ఆగిపోతుంది, ముందు పుల్లీ మాత్రం తిరిగి ఒకేచోట కాల్చేస్తుంది. ఆ బెల్టుని ఎంత గీకినా బాగుపడదు. ఇకముందు బండి తీసే ప్రతిసారీ వెనక బంపరు పట్టుకుని ఎత్తి వదిలే అలవాటు చేయించండి. ఒక పక్కే అరిగిందా? క్లచ్‌ల వరస తప్పిందేమో, ఇంజను కింది రబ్బరు మౌంట్లు పోయాయేమో చూడాలి. అది చూడకుండా కొత్త బెల్టు వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

పుల్లీ ముఖాల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, డబ్ల్యూడీ-40 లాంటి నూనె స్ప్రేతో కాదు. జంతికలు తిన్న చేత్తో బెల్టు ముట్టుకోకూడదు, నూనె అంటితే జారుతుంది. కొత్త బెల్టుని మొదటి 50 కిలోమీటర్లూ నెమ్మదిగా నడపాలి. ముందు క్లచ్‌ని మాత్రం ఇంట్లో విప్పొద్దు. లోపల స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది, ప్రత్యేకమైన పుల్లర్ కావాలి. అది మెకానిక్‌కే ఇవ్వండి.

పిల్లలకి అసలు పని చైన్‌కేసులో ఉంది. కింద ట్రే పెట్టి నూనె తియ్యాలి. చాలా బళ్లలో 250 నుంచి 350 మిల్లీలీటర్లు పడుతుంది, సరైన కొలత మాన్యువల్‌దే. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే మామూలే. గోటితో తీస్తే ఇనప పలుకులు గుచ్చుకున్నాయంటే బేరింగో పళ్లో విరుగుతున్నట్టు. నూనె పాలు కలిసిన టీలా ఉంటే నీళ్లు చేరాయి, సీలు చూడాలి. గొలుసు తిరిగే పళ్లచక్రాల పళ్లు కొడవలి మొనల్లా ఒంగితే గొలుసు, రెండు పళ్లచక్రాలు కలిపి మార్చాలి. సాగిన గొలుసు కొత్త పళ్లని తినేస్తుంది, అరిగిన పళ్లు కొత్త గొలుసుని సాగదీస్తాయి. డబ్బు మిగులుతుందని ఒక్క గొలుసే మారిస్తే వచ్చే ఏడు మళ్లీ ఇదే పని. వాషర్లు ఏ వరసలో వచ్చాయో పిల్లలు ఫోన్‌తో ఫొటోలు తీస్తూ పోవాలి, తిరిగి బిగించేటప్పుడు అవే దిక్కు. చాలా మోడళ్లలో గొలుసు వదులంతా ఒక పక్కకి వచ్చేలా వెనక క్లచ్‌ని తిప్పి, బ్రేకు పట్టుకుని, టెన్షనర్ (గొలుసు బిగువు సరిచేసేది) బోల్టుని వేళ్లతో బిగిసినంత బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి లాక్‌నట్ వెయ్యాలి. మూతకి కొత్త ఓ-రింగ్ (రబ్బరు వలయం) మర్చిపోవద్దు.

తర్వాత బెల్టు లేకుండానే వెనక భాగాన్ని స్టాండు మీదకి ఎత్తి ట్రాక్‌ని చేత్తో తిప్పి వినాలి. గరగరమంటే ముందు అనుమానించాల్సింది చైన్‌కేసుకి అవతలి వైపు డ్రైవ్‌షాఫ్టు బేరింగుని. దానికి నూనె స్నానం లేదు, ఉన్నదల్లా గ్రీజే. అది పట్టేస్తే షాఫ్టునే తినేస్తుంది, బేరింగుతో పోయే ఖర్చు షాఫ్టు దాకా వెళ్తుంది. ట్రాక్ బిగువు మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి.

ఇంజను వేసి చూసేటప్పుడు గరాజ్ తలుపు పూర్తిగా తెరవాలి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. బండి వెనకభాగం గోడవైపు ఉండాలి, తిరిగే ట్రాక్ వెనక ఎవరూ నిలబడకూడదు. చున్నీ, హూడీ తాళ్లు లోపలికి దోపుకోవాలి.

ఇంకొకటి. మిన్నెసోటాలో ఉంటూ 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లకి నడపడానికి స్నోమొబైల్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి. అంటే పిల్లలతోపాటు చాలామంది నాన్నలూ పరీక్ష రాయాల్సిందే.

అంతా బిగించాక బొట్టు, పువ్వులు. చక్రాల్లేని బండికి నిమ్మకాయలెక్కడ పెట్టాలని పిల్లలు అడుగుతారు. ముందుండే రెండు స్కీల (మంచు మీద జారే పలకలు) కింద చెరొకటి పెట్టండి. ట్రాక్ కింద పెడితే తొక్క సందుల్లో ఇరుక్కుని మార్చి దాకా అక్కడే ఉంటుంది.