గీజర్ ప్లగ్గు ఎందుకు మాడుతుంది: ఒక చిన్న లెక్క

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు, గుణిస్తే వాట్లు. బడిలో అందరూ చదివిందే. తేడాలొచ్చేది ఆ రెండు అంకెలనూ ఎక్కడ, ఎప్పుడు కొలిచామన్న దగ్గరే.

2000 వాట్ల గీజర్ తీసుకోండి. 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది, కాయిల్ నిరోధం దాదాపు 26.5 ఓములు. ప్లగ్గు పీకేసి పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టినా ఇంచుమించు అంతే చూపిస్తుంది. నీళ్లు మాత్రం చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు ఆపేసే స్విచ్చి) తెరుచుకుని ఉంటుంది, కాయిల్ తెగిపోయిందని పొరబడతాం. ఈ పద్ధతి పాత ఫిలమెంట్ బల్బుకు పనికిరాదు. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. మోటారుకైతే అసలే వద్దు, అక్కడ పవర్ ఫ్యాక్టర్ (వోల్టులను ఆంపియర్లతో గుణించినదానిలో అసలు వాట్ల వంతు) అడ్డొస్తుంది.

కరెంటు కొలవడానికి టాంగ్ టెస్టరే (వైరు చుట్టూ పట్టుకుని కొలిచే క్లాంప్ మీటరు) మేలు. ఫేజు వైరు ఒక్కదానికే తగిలించాలి. రెండు వైర్లున్న కేబులు మొత్తానికి తగిలిస్తే సున్నా చూపిస్తుంది. మల్టీమీటరు వైరును ఆంపియర్ల రంధ్రంలో ఉంచి మరిచిపోయి, సాకెట్లో వోల్టులు చూడబోతే అది నేరుగా షార్టే.

వోల్టేజి 190కి పడిపోతే? తగ్గింది 17 శాతమే, కానీ కరెంటు కూడా దాంతోపాటే పడిపోతుంది కాబట్టి వాట్లు 1365కి దిగుతాయి. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగడానికి 18 నిమిషాలకు బదులు 27 నిమిషాలు పడుతుంది. గీజర్ తప్పేమీ లేదు.

ఇక ప్లగ్గు సంగతి. మెయిన్ ఆపి, గీజర్ కనెక్టరు దగ్గర మల్టీమీటరు క్రొకడైల్ క్లిప్పులు బిగించి, అప్పుడు ఆన్ చేయండి. గీజర్ నడుస్తుండగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చి) దగ్గర 226 వోల్టులు, గీజర్ దగ్గర 219, కరెంటు 8.28 ఆంపియర్లు వచ్చాయనుకోండి. దారిలో పోయిన 7 వోల్టులను 8.28తో భాగిస్తే 0.85 ఓములు. ఎంసీబీ నుంచి గీజర్‌కు 20 మీటర్ల దూరం అంటే రానూ పోనూ 40 మీటర్లు, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు 0.48 ఓములు న్యాయమే. మిగిలిన 0.37 ఎక్కడిది? ఏదో ఒక లూజు జాయింటుది. 8.28 వర్గాన్ని 0.37తో గుణిస్తే సుమారు 25 వాట్లు. అంటే సాకెట్ లోపల ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి వదిలేసినట్టే.

ఎంసీబీ ఎందుకు పడదంటారా? నిరోధం పెరిగితే కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు. ఎంసీబీకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఈలోగా వేడికి సాకెట్లోని స్ప్రింగు మెత్తబడి, పట్టు సడలి, నిరోధం ఇంకా పెరుగుతుంది.

క్లిప్పులను గీజర్ నుంచి సాకెట్ వెనక స్క్రూలకు, అక్కడి నుంచి స్విచ్చికి మారుస్తూ వెనక్కి రండి, మార్చిన ప్రతిసారీ మెయిన్ ఆపే. వోల్టులు ఎక్కడ ఒక్కసారిగా పెరిగితే, లూజు ఆ రెండు చోట్ల మధ్యనే. సాకెట్ మాడితే ప్లగ్గు కూడా మార్చాలి, మాడిన పిన్ను కొత్త సాకెట్‌నూ పాడుచేస్తుంది. నల్లబడిన వైరు కొసను మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, అప్పుడు స్క్రూ బిగించండి.