పొంగల్ ఎంత, కాఫీ ఎంత

మా అక్క పెద్దకూతురి పెళ్లి బట్టలకి మద్రాసు పోదామని అనుకున్న రోజే బావ తేల్చేశాడు. "టిఫిన్లు నావి, కాఫీలు బామ్మర్దివి." పంపకం చూస్తే బావే ఎక్కువ మోస్తున్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఇలాంటి ప్రయాణాల్లో డబ్బు సంచీ, లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటాయి. ముందు నేను కట్టేస్తాను, రాత్రి ఇంటికొచ్చాక ఎవరి వాటా వాళ్లు ఇస్తారు. ఇవ్వనివాళ్లు కూడా ఉంటారు, అది వేరే సంగతి.

శనివారం తెల్లారకముందే సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కాం. మొత్తం ఏడుగురం: అక్క, బావ, పెళ్లికూతురు, పిన్ని, బావ చెల్లెలు, నేను, అక్క చిన్నకూతురు చిన్ని. చిన్ని పదో తరగతి. సోమవారం లెక్కల పరీక్ష ఉంది, అయినా బట్టల కొట్లు చూడకుండా ఉండలేనని పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. తడ దాటి ఆరంబాక్కం రాగానే బోర్డుల మీద అక్షరాలు మారిపోయాయి. అప్పటికి ఆ పిల్ల పుస్తకం తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. అధ్యాయం పేరు 'రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత'.

"ఇవి యాడ పనికొస్తాయి మామా?" అంది.

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో దిగి, ఎదురుగా ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. ఏడుగురం ఒకే టేబుల్ దగ్గర పట్టలేదు. ఒకదాని దగ్గర అక్క, పిన్ని, పెళ్లికూతురు, బావ చెల్లెలు. పిన్నికి శనివారం ఒక్కపొద్దు, కాఫీతో సరి. కాబట్టి అక్కడ మూడు పొంగల్, నాలుగు కాఫీ. మా టేబుల్ దగ్గర ముగ్గురమే, కానీ బావ రెండో పొంగల్ తెప్పించుకున్నాడు: నాలుగు పొంగల్, మూడు కాఫీ. మిరియాలు పంటికింద పడుతూ, నెయ్యి పైకి తేలుతూ ఉన్న ఆ పొంగల్ చూసి నేనూ ఇంకోటి చెప్పుంటే బాగుండేదని పార్క్ స్టేషన్ మెట్లు ఎక్కేటప్పుడు అనుకున్నాను.

తాంబరం ఎలక్ట్రిక్ ట్రైన్‌లో కూర్చుని పుస్తకం తీస్తే అప్పుడు తగిలింది చిక్కు. రెండు చీటీలు. ఒకదాని మీద 295, ఇంకోదాని మీద 335. అంతే. ఏది ఎంతో రాయలేదు. టిఫిన్ బావది, కాఫీ నాది. విడదీయడం ఎట్టా?

"కౌంటర్లో అడిగుంటే పోయేదిగా" అన్నాడు బావ. నిజమే. కానీ హోటల్ అప్పటికే ఎగ్మోర్ వెనక ఉండిపోయింది.

చిన్ని చీటీలు లాక్కుంది. పొంగల్‌కి 'పొ', కాఫీకి 'కా' అని పెట్టి నోట్సు వెనక అట్ట మీద రాసింది.

3పొ + 4కా = 295
4పొ + 3కా = 335

ఒక్క చీటీ ఉండుంటే ఏమయ్యేది? పొంగల్ 45, కాఫీ 40 అనుకున్నా మొదటి చీటీ సరిపోతుంది. పొంగల్ 85, కాఫీ 10 అనుకున్నా సరిపోతుంది. ఒక చీటీకి జవాబులు బోలెడు. రెండో చీటీ వచ్చి అందులో ఒక్కదాన్ని మాత్రం ఉంచి మిగతావాటిని తీసిపారేస్తుంది. బావ రెండో పొంగల్ తినడం వల్లే రెండో చీటీలో 3, 4 కాస్తా 4, 3గా తిరగబడ్డాయి. ఆయన ఆకలికి అంత విలువ ఉందని ఆయనకీ తెలియదు.

చిన్ని బడిలో చెప్పినట్టే తొలగింపు పద్ధతి పట్టింది. మొదటిదాన్ని 4తో, రెండోదాన్ని 3తో గుణించింది. రెండింట్లోనూ పొంగళ్లు పన్నెండే అయ్యాయి. 1,180 లోంచి 1,005 తీసేస్తే పొంగళ్లు ఎగిరిపోయి ఏడు కాఫీలకి 175 మిగిలాయి. కాఫీ 25. ఆ 25 తీసుకెళ్లి మొదటి వరుసలో పెడితే పొంగల్ 65.

"గుణించకుండా కూడా వస్తుంది చూడు" అన్నాను. రెండు చీటీలు కలుపు: ఏడు పొంగళ్లు, ఏడు కాఫీలు, 630. అంటే ఒక జత 90. రెండో చీటీలోంచి మొదటిది తీసెయ్: ఒక పొంగల్ ఎక్కువ, ఒక కాఫీ తక్కువ, తేడా 40. జత 90, తేడా 40. పెద్దది 65, చిన్నది 25. అంకెలు అటూ ఇటూ తారుమారైతే ఈ కిటుకు ఎప్పుడూ పనిచేస్తుంది.

చిన్ని నోట్లోంచి మాట వచ్చేలోపు బండి చెట్‌పట్‌లో ఆగింది. శ్రీనివాస రామానుజన్ 1920లో కన్నుమూసింది ఈ చెట్‌పట్‌లోనే, 32 ఏళ్లకి. కాలేజీలో లెక్కలు తప్ప మిగతావి తప్పిన మనిషి అని కూడా చెప్పాను. "అయితే నాకు మిగతావి వచ్చుగా" అంది చిన్ని.

మాంబళంలో దిగి వంతెన మీంచి రంగనాథన్ వీధిలోకి దిగామంటే ఇక నడవడం మన చేతుల్లో ఉండదు, జనమే తీసుకెళ్తారు. టీ నగర్‌కి వస్తే నాకు పరాయి ఊరనిపించదు. ఆ 'టీ' పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. అక్కడి పార్కు పేరు పానగల్ రాజాది, 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగంటి రామరాయణింగారిది. ఇద్దరూ తెలుగువాళ్లే. కొట్లో చీరలు పరిచే కుర్రాళ్లు కూడా మనల్ని చూడగానే తెలుగులోకి దిగిపోతారు. "అక్కా, ఇది కొత్త రకం, నిన్ననే దిగింది."

పట్టుచీర దగ్గర రెండు గంటలు పట్టింది, దాని గురించి రాయను. రాయదగ్గది పెట్టుబడి చీరల దగ్గర జరిగింది. చుట్టాలకి పెట్టడానికి 25 చీరలు కావాలి. బావ దానికి 18,200 కేటాయించాడు. అక్కకి నచ్చినవి రెండు రకాలు: 600ది, 850ది. ఖరీదైనవి ఎన్ని తీసుకోవచ్చు?

చిన్నికి ఉత్సాహం వచ్చింది. ఒక వరుసలో ఎక్స్, వై కలిపితే 25. ఇంకో వరుసలో 600 ఎక్స్, 850 వై కలిపితే 18,200. పెన్ను తీసి ప్రతిక్షేపణ పద్ధతిలో మొదలుపెట్టింది. ఎక్స్ బదులు 25 లోంచి వై తీసేసింది రాసి, బ్రాకెట్లు విప్పుతోంది.

అక్క ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. చీర అంచు వేళ్లతో నలిపి చూస్తూనే అంది: "అన్నీ ఆరొందలవే అనుకో. పదిహేను వేలు. చేతిలో మూడు వేల రెండొందలు మిగిలాయి. ఒక్కోటి మార్చుకుంటే రెండొందల యాభై ఎక్కువ. నాలుగు మారిస్తే వెయ్యి. పన్నెండు మారిస్తే మూడు వేలు. పన్నెండు ఇవి, పదమూడు అవి. మిగిలిన రెండొందలు పూలకి."

చిన్నికి అదే సమయానికి జవాబు వచ్చింది: వై అంటే 12.8.

"సున్నా పాయింట్ ఎనిమిది చీర ఎవరికి పెడదాం, మీ మేనత్తకా?" అంది అక్క. పక్కనే ఉన్న బావ చెల్లెలు నవ్వలేదు.

నాకు మాత్రం ఆ నిమిషంలో కొట్టు అంతా మాయమైపోయింది. అక్క 'అన్నీ ఆరొందలవే అనుకో' అన్నప్పుడు చేసింది మొదటి సమీకరణాన్ని 600తో గుణించి రెండోదాంట్లోంచి తీసెయ్యడమే. చిన్ని నాలుగు వరుసల్లో రాసేదాన్ని ఆమె అంచు నలుపుతూ చేసింది. పైగా చీర ముక్కలు కాదని, మిగిలిన డబ్బుకి కూడా ఒక పని ఉందని సమీకరణానికి తెలియదు, ఆమెకి తెలుసు. చిన్నికి ఈ మాట చెప్పాను. ఆ పిల్ల వాళ్లమ్మ వైపు కొంచెం అనుమానంగా చూసింది, ఇన్నాళ్లూ ఏదో దాచిపెట్టినట్టు.

మధ్యాహ్నం గాజుల కొట్టు దగ్గర తగాదా వచ్చింది. పిన్ని రెండు డజన్ల గాజులు, ఒక కుంకుమ భరిణె తీసుకుంది: 310. అరగంట తర్వాత అదే కొట్లో బావ చెల్లెలు నాలుగు డజన్లు, రెండు భరిణెలు తెచ్చింది: 640. అదే గాజులు, అవే భరిణెలు.

"ఇది తేలదు మామా" అంది చిన్ని. మొదటిదాన్ని రెట్టింపు చేస్తే ఎడమవైపు అచ్చం రెండోదే. కుడివైపు 620 రావాలి, 640 వచ్చింది. గ్రాఫు గీస్తే రెండు గీతలూ సమాంతరంగా పోతాయి, ఎక్కడా కలవవు. సాధన లేదు. అసంగత సమీకరణాలు అన్న మాట అప్పటిదాకా నోటికి తిరగనిది, రంగనాథన్ వీధిలో చెరుకురసం తాగుతూ గడగడా అనేసింది. పోనీ 640 కాక 620 వచ్చుంటే? తగాదా ఉండేది కాదు, కానీ ధర కూడా తెలిసేది కాదు. రెట్టింపు చీటీ కొత్త సంగతేం చెప్పదు, పాత సంగతే రెండుసార్లు చెబుతుంది.

బావ చెల్లెలు మోసపోయానని ముఖం ఎర్రగా చేసుకుంది. జనాన్ని తోసుకుంటూ నేను వెనక్కి వెళ్లి అడిగాను. కొట్టు కుర్రాడు ఏం మాట్లాడకుండా ఆమె సామాను పెట్టిచ్చిన గుడ్డసంచి కేసి వేలు చూపించాడు. సంచికి 20. పిన్ని ఇంటి దగ్గర్నుంచే సంచి తెచ్చుకుంది. మూడో రాశి ఒకటి ఉందని లెక్క వేసేటప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆడవాళ్లు జాకెట్ పీసులకి కూర్చోగానే నేనూ చిన్నీ మెరీనాకి బస్సెక్కాం. తమిళనాడులో 2021 మే నుంచి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఇద్దరం ఎక్కాం, ఒక్కడికే కొట్టాడు కండక్టరు. "వై అంటే సున్నా" అంది చిన్ని కిటికీ పక్కన సర్దుకుంటూ.

సముద్రానికి ఎదురుగా ప్రెసిడెన్సీ కాలేజీ ఎర్రగా నిలబడి ఉంది. అక్కడ సంస్కృతం చెప్పిన ఎం. రంగాచార్య అనే ఆచార్యుడు 1912లో మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని ఇంగ్లీషు చేసి ఈ మద్రాసులోనే అచ్చు వేయించాడు. అదే ఏడాది మార్చిలో రామానుజన్ మద్రాసు పోర్టులో నెలకి 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దం నాటి జైనుడు, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలం వాడు. ఆ గ్రంథాన్ని మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరాచార్యుడి గ్రంథంలోని ఒక లెక్క చిన్నికి చెప్పాను: తొమ్మిది మాదీఫలాలు (నిమ్మజాతి పండ్లు), ఏడు వెలగపండ్లు కలిపి ధర 107. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు కలిపి 101. ఏది ఎంత?

చిన్ని పుస్తకం తియ్యలేదు. ఇసుకలో వేలితో 208 అని రాసి, పదహారుతో భాగించి 13 అంది. తేడా 6, సగం 3. "మాదీఫలం ఎనిమిది, వెలగపండు అయిదు. ఇది మన పొంగల్ కాఫీయేగా మామా!" అంది. వెయ్యేళ్లకి పైబడిన లెక్క అని చెబితే, ఆ రోజుల్లో కూడా రేటు రాయకుండా చీటీలు ఇచ్చేవాళ్లా అని అడిగింది.

తేంగా, మాంగా, పట్టాణి (కొబ్బరి, మామిడి, బఠాణీ) అని కేకేస్తూ సుండల్, అంటే మన గుగ్గిళ్లు, అమ్మే అబ్బాయి వచ్చాడు. పొట్లం ఎంత అంటే ఇరవై అన్నాడు. చిన్ని కాస్త నిరాశపడింది. ఒకే సరుకు, ఒకే ధర, తెలియంది ఏమీ లేదు.

రాత్రి లోకల్‌లో సీట్లు దొరకడమే పండగ. గుమ్మిడిపూండి దాటాక లెక్కల పుస్తకం తీశాను. కాఫీలు ఏడు, 175, నావి. పొంగళ్లు ఏడు, 455, బావవి. బావ అట్ట మీద చిన్ని రాసింది రెండుసార్లు పైనుంచి కిందకి చూశాడు, ఎక్కడా తప్పు దొరకలేదు. జేబులోంచి నాలుగు వందలు, ఒక యాభై తీసి నా చేతిలో పెట్టాడు.

"అయిదు చిల్లర లేదు బామ్మర్దీ."

చిన్ని పెన్ను మూత తీసి, అట్ట కింద ఖాళీలో 'నాన్న బాకీ: 5' అని రాసుకుంది.