ఏ బండి కొనాలో తేల్చుకుందామని వెళ్లిన ట్రిప్

నాకు లైసెన్స్ వచ్చి నాలుగు నెలలైంది కానీ బండి మాత్రం ఇంకా కొనలేదు. బద్ధకం వల్ల కాదు, వీడియోల వల్ల. రాత్రి పదకొండుకి ఒక వీడియో చూస్తే 350 సీసీ బైక్ కొనెయ్యాలనిపిస్తుంది, పన్నెండుకి ఇంకోటి చూస్తే మట్టిరోడ్డు బండి లేని బతుకూ ఒక బతుకేనా అనిపిస్తుంది. నా అవసరం చూస్తేనేమో చాలా మామూలుది. ఆఫీసుకి రానూపోనూ 38 కిలోమీటర్లు, అందులో సగం ట్రాఫిక్. నెలకో, రెండు నెలలకో ఒకసారి పెద్ద రోడ్లు వదిలేసి చిన్న చిన్న దారుల్లో తిరిగి రావాలని కోరిక. రెండిటికీ ఒకటే బండి కావాలి. నా గోల వినలేక చివరికి మా బావ అన్నాడు, "ఒరేయ్, ఆ లెక్కలు చదవడం ఆపి శనివారం పొద్దున ఐదింటికి రా. మూడు బండ్లు తీసుకెళ్దాం, మార్చి మార్చి నడుపు. తర్వాత నీ ఇష్టం."

బావది 350 సీసీ, సింగిల్ సిలిండర్, బరువు 190 కిలోల పైమాటే. బావ ఫ్రెండ్‌ది 200 సీసీ, మట్టికీ తారుకీ రెండిటికీ పనికొచ్చే పొడుగాటి రకం, ముందు చక్రం 21 అంగుళాలు, సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. మూడోది మా బాబాయి రోజూ తిప్పే 125. దీని మీద టూర్‌కి వెళ్తున్నామంటే బాబాయి ఏమీ అనలేదు, నవ్వి తాళం ఇచ్చాడు. రెండు రోజులు, మొత్తం 340 కిలోమీటర్లు. మొదటి 60 హైవే, ఆ తర్వాతంతా ఇరుకు రోడ్లు, మధ్యలో ఒక కొండ.

హైవే ఎక్కకముందే బావ ఒక ఖాళీ మైదానంలో ఆపించి నాతో అరగంట బ్రేకులు వేయించాడు. అప్పటిదాకా నేను ముందు బ్రేక్‌ని అలంకారంగానే చూసేవాణ్ని, పడతామేమోనని భయం. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల జరిగిన 900 బైకు ప్రమాదాలని ఘటనాస్థలానికి వెళ్లి మరీ పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. అందులోనూ ఇదే ఉంది: ప్రమాదం ఎదురైనప్పుడు ఎక్కువ మంది వెనక బ్రేక్‌ని తొక్కిపట్టి స్కిడ్ అవుతున్నారు, ముందు బ్రేక్‌ని సరిగ్గా వాడట్లేదు. బ్రేక్ వేయగానే బరువు చాలావరకు ముందు చక్రం మీదకి వస్తుంది కాబట్టి ఆపే శక్తి ఎక్కువగా అక్కడే ఉంటుంది. లివర్‌ని ఒక్కసారిగా లాగకుండా నిమ్మకాయ పిండినట్టు నెమ్మదిగా బిగించాలి, అంతే. ఐదారుసార్లు వేశాక భయం పోయింది, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) లేని బండి కొనకూడదని కూడా అక్కడే డిసైడయ్యాను. (కంకర మీద ఏబీఎస్ ఉంటే బండి ఆగడానికి ఇంకాస్త దూరం పడుతుంది, అది నిజమే. కానీ రోజూ నేను బ్రేక్ వేసేది తడి తారు మీద, బస్సు వెనక.)

హైవే మీద నాకు 125 ఇచ్చారు. 60లో బంగారం. 80 దాటేసరికి ఇంజన్ ఏడుపు మొదలుపెట్టింది. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 60 నుంచి 80కి వెళ్తే దాదాపు 1.8 రెట్లు. చిన్న ఇంజన్‌కి అది తెలిసిపోతుంది. నాకు ఇబ్బంది అనిపించింది స్పీడు తక్కువని కాదు, అవసరానికి చేతిలో ఇంకేమీ మిగలకపోవడం. వెనక లారీ దగ్గరికొస్తోంది, పూర్తిగా యాక్సిలరేటర్ ఇచ్చినా బండి అదే 82 దగ్గర ఉంది, లారీ పక్కనుంచి వెళ్లేటప్పుడు ముందు ఒక తోపు, తర్వాత ఒక గుంజుడు. అరగంటలో భుజాలు బిగుసుకుపోయాయి. బావ 350 మీద 80లో ఈల వేసుకుంటూ వెళ్తున్నట్టు వెళ్తున్నాడు. అప్పుడు మాత్రం నాకు 350యే అనిపించింది, అబద్ధం చెప్పను.

హైవే దిగాక సీన్ మారింది. చిన్న రోడ్ల మీద ఎవరూ 50 దాటరు, దాటనివ్వరు కూడా. మలుపుకో గొర్రెల మంద, గుంతల మధ్య ఎక్కడో కాస్త రోడ్డు. అక్కడ ఆ 125 ఎంత సుఖంగా వెళ్లిందో చెప్పలేను. గుంత కనపడితే చిటికెన వేలితో తిప్పినట్టు తిరుగుతుంది, ఆగి ఫొటో తీసుకోవాలన్నా వెనక్కి తిప్పుకోవాలన్నా ఆలోచించక్కర్లేదు. కొండ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో మూలుగుతూ ఎక్కింది. దిగేటప్పుడే ఒకచోట కంగారు పెట్టింది. నేను గేర్ పైన ఉంచి, వెనక డ్రమ్ బ్రేక్ తొక్కుతూనే దిగాను, నాలుగైదు మలుపులయ్యేసరికి పెడల్ నొక్కుతున్నా పట్టడం తగ్గిపోయింది, చక్రం దగ్గర కాలిన వాసన. పక్కకి తీసి ఆపాను. "బ్రేకులు ఆపడానికి, దిగడానికి ఇంజన్" అన్నాడు బావ. ఏ గేర్‌లో ఎక్కామో దాదాపు అదే గేర్‌లో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుందని తెలుసు, చదివాను, కానీ కాలు వినలేదు.

మధ్యాహ్నం నుంచి 200 నాది. ముందే చెప్తున్నా, నా ఎత్తు 165 సెంటీమీటర్లు. ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ల బొటనవేళ్లు మాత్రం నేలకి తగులుతాయి. సీటు ఎత్తు అని కాగితం మీద వేసే అంకె సగం కథే. సీటు ముందు భాగం సన్నగా ఉంటే కాళ్లు నేరుగా దిగుతాయి, వెడల్పుగా ఉంటే అదే ఎత్తులో కూడా అందవు, మనం కూర్చోగానే సస్పెన్షన్ ఎంత దిగుతుందన్నది ఇంకో లెక్క. బావ ఫ్రెండ్ ఒక కిటుకు చెప్పాడు: ఆగేటప్పుడు కొంచెం ఎడమకి జరిగి ఒక పాదం పూర్తిగా ఆనించు, రెండో కాలు బ్రేక్ మీదే ఉండనీ. ఇది పనిచేస్తుంది, నేల సమంగా ఉన్నంతవరకు. కదిలాక మాత్రం అది వేరే లోకం. ఫుట్‌పెగ్గుల మీద నిలబడి, మోకాళ్లు వదులుగా పెట్టుకుంటే కింద బండి దాని పాటికి అది గెంతుతుంది, మన తల మాత్రం స్థిరంగా ఉంటుంది. ఒక చిన్న వాగు కూడా దాటేశాం, నీళ్లు పాదాల దాకా వచ్చాయి, నేను చిన్నపిల్లాడిలా అరిచాను.

ఆ ఆనందం గంటసేపే. వెనక టైర్‌లో మేకు. స్పోక్ చక్రాలు, లోపల ట్యూబ్. చక్రం ఊడదీయాలి, టైర్ అంచుని టైర్లు ఊడదీసే ఇనుప లివర్లతో రిమ్ దాటించాలి, ట్యూబ్ లాగాలి, అతికించాలి, మళ్లీ ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు లివర్ కొస ట్యూబ్‌ని పట్టేసి కొత్త చిల్లు పెట్టింది. మళ్లీ మొదటికి. గంటా నలభై నిమిషాలు, చేతులు మోచేతుల దాకా నలుపు, తల ప్రాణం తోకకొచ్చింది. అదే ట్యూబ్‌లెస్ అయితే మేకు పీకి, ప్లగ్ దూర్చి, గాలి కొట్టుకుని పది నిమిషాల్లో బయల్దేరొచ్చు. రాళ్ల దెబ్బకి స్పోక్ చక్రం బాగా తట్టుకుంటుందంటారు, ఒప్పుకుంటాను. కానీ నేను రాళ్లలో తిరిగేది ఏడాదికి ఎన్ని రోజులు? రోడ్డు పక్కన కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాను. ఎంత ఆశపడి లెక్కేసినా పన్నెండు దాటలేదు. ఆఫీసు రోజులు 240.

రెండో రోజు 350. బాగుంది, సీటు తక్కువ ఎత్తు, కాళ్లు రెండూ ఆనుతున్నాయి, కింది గేర్‌కి మార్చకుండానే మలుపుల్లోంచి లాక్కొస్తుంది. పొద్దున పదింటిదాకా నా మనసు దాని మీదే. దారి తప్పామని తెలిసి ఒక కంకర వాలు మీద యూటర్న్ తీసుకోవాల్సి వచ్చింది. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, నడక వేగంలో ఉన్నాను, వాలుకి జారుతుందేమోనని చేయి దానంతటదే ముందు బ్రేక్ పట్టుకుంది. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు చక్రం ఆగితే బండి లోపలివైపుకి ఒరిగిపోతుంది. కాలు పెట్టాను, కాలి కింద కంకర జారింది, అంతే. కుడివైపుకి మెల్లగా, దర్జాగా పడుకుంది బండి. నేను పక్కన నిలబడే ఉన్నాను, సారీ చెప్పాలా దిగులుపడాలా తెలియకుండా.

బావ ఎత్తలేదు. చేతులు కట్టుకుని, "ఎత్తు" అన్నాడు. ముందు కిల్ స్విచ్ (ఇంజన్ ఆపేసే బటన్) నొక్కమన్నాడు. గేర్‌లో ఉందో లేదో చూడు, లేకపోతే ఎత్తేటప్పుడు దొర్లిపోతుంది. కుడివైపు పడింది కాబట్టి సైడ్ స్టాండ్ ఇప్పుడే దించి పెట్టు, లేకపోతే నిలబెట్టాక అటువైపు పడేస్తావు. ఇప్పుడు బండికి వీపు పెట్టి, సీటు అంచుకి నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కూర్చునేవాళ్లు పట్టుకునే గ్రాబ్ రైల్ పట్టుకుని, కాళ్లతో వెనక్కి నడువు. నడుముతో లేపకు. మొదటిసారి సగం దాకా లేచి కంకర జారి మళ్లీ కూలబడింది. రెండోసారి మడమలు గుచ్చి నెట్టాను, లేచింది. మూడోసారి లేపమంటే మాత్రం లేపేవాణ్ని కాదు, తొడలు వణుకుతున్నాయి. అద్దం కాడ వంగింది, బ్రేక్ లివర్ కొస చిట్లింది. బావ దాన్ని చూసి, "లివర్ నువ్వే వేయించాలి" అన్నాడు. వేయించాను.

ఇంటికొచ్చాక కూడా బావ 350ని ఒక్క సోమవారం నా దగ్గరే ఉంచమని బతిమాలాను, ఆఫీసుకి వెళ్లి చూద్దామని. నలభై నిమిషాల ట్రాఫిక్‌లో కుడి కాలి దగ్గర ఇంజన్ వేడి, సాయంత్రం పార్కింగ్‌లో రెండు బండ్ల మధ్య ఇరుక్కున్న దాన్ని వెనక్కి లాగడానికి పావుగంట. 240 రోజుల లెక్క మళ్లీ గుర్తొచ్చింది.

కాబట్టి ఆ మూడిట్లో ఏదీ కొనలేదు. 200, 250 సీసీ మధ్య ఇంజన్, బరువు 150 కిలోల చుట్టుపక్కల, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు మించకూడదు, 17 అంగుళాల ట్యూబ్‌లెస్ చక్రాలు, ఏబీఎస్. ఇలాంటి బండి వీడియోల్లో ఎవరినీ ఊరించదు, దాని మీద వాగులు దాటే ఫొటోలు కూడా ఉండవు. మట్టిరోడ్డు వస్తే కాస్త నెమ్మదిగా వెళ్తాను, అంతే కదా. మొదటి బండి ఎలాగూ ఒకట్రెండుసార్లు కింద పడేస్తానని ఇప్పుడు తెలుసు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లోనే వెతికాను.

మూడో వారానికి ఒకటి దొరికింది. వెళ్లగానే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది, అంటే స్టార్టింగ్ ట్రబుల్ దాచడానికి ముందే వేడి చేసి పెట్టలేదన్నమాట. చైన్ కింద వేలు పెట్టి కదిపితే వదులు రెండున్నర సెంటీమీటర్లు ఉంది, చైన్ చక్రాల పళ్లు అరగలేదు. అమ్మేవాడు ఒక రౌండ్ వేసి రమ్మని తాళం ఇచ్చాడు. నేను తాళం జేబులో వేసుకుని, ఆఫ్‌లో ఉన్న బండిని వాళ్ల గేటు ముందున్న ఎత్తు మీదకి వెనక్కి నెట్టడం మొదలుపెట్టాను. ఆయన కాసేపు చూసి, "స్టార్ట్ కావట్లేదా సార్?" అన్నాడు.